మార్కులు సరే, ఆ తీసివేత ఎలా చేశావురా అని పిల్లాడిని ఎవరైనా అడిగారా?

ఎడిటర్ గారికి నమస్కారమండి,

పిల్లలకి లెక్కలు రావట్లేదని సర్వే వచ్చినప్పుడల్లా పేపర్లో పెద్ద అక్షరాలతో వార్త వస్తుంది, రెండ్రోజులు అందరూ అయ్యో అంటారు, మూడో రోజు నుంచి ఎవరి పని వాళ్లది. నేను 31 ఏళ్లు ప్రైమరీ స్కూళ్లలో ఎస్జీటీగా, అంటే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా చేసి రిటైర్ అయ్యాను, అందులో సగానికి పైగా ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు ఉండే బళ్లే, అందుకని ఆ వార్త చదివిన ప్రతిసారీ మనసు ఊరుకోదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, కొంచెం పొడుగవుద్ది, ఓపిగ్గా చదివి వీలైతే వేయండి.

నేను చెప్పదలుచుకుంది ఒకటేనండి. మన బళ్లలో లెక్కలకి పరీక్షలు తక్కువై ఈ పరిస్థితి రాలేదు. పరీక్షలు బోలెడున్నాయి. పిల్లాడి పక్కన కూర్చుని ఇది ఎలా చేశావు నాన్నా అని అడగడానికి టైమ్ లేదు, అడిగి తెలుసుకున్నాక నాలుగు రోజులు సిలబస్ పక్కన పెట్టి దాని మీద పని చేద్దామంటే టీచర్ చేతిలో ఆ వీలు లేదు. ఈ రెండూ లేనంత కాలం ఎన్ని పేర్లతో ఎన్ని పరీక్షలు పెట్టినా రిజిస్టర్లు నిండుతాయి గానీ పిల్లాడికి తీసివేత రాదు.

చాలా ఏళ్ల కిందటి సంగతి చెప్తాను. నాలుగో తరగతిలో ఒక బాబు, పేరు వద్దులెండి, 20 మార్కుల లెక్కల పేపర్లో 11 వచ్చినయ్. 11 అంటే పర్లేదు, గ్రేడ్ వేసి రిజిస్టర్లో ఎక్కించేశాను. తర్వాత ఒక రోజు సాయంత్రం బడి వదిలాక ఆ పేపర్లు కట్ట కడుతుంటే ఎందుకో వాడి పేపర్ మళ్లీ చూశాను. 52 లోంచి 27 తీసేస్తే 35 అని రాశాడు. 61 లోంచి 38 తీసేస్తే 37. 84 లోంచి 56 తీసేస్తే 32. ఒక్కసారి మీరూ చూడండి, మూడు తప్పులూ ఒకే తప్పు. 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచే 2 తీసేశాడు, 1 లోంచి 8 పోదు కాబట్టి 8 లోంచి 1 తీసేశాడు. మర్నాడు పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఎలా చేశావురా అని అడిగితే వాడు ఏమాత్రం తడుముకోకుండా, పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలని మీరే చెప్పారుగా మేడమ్ అన్నాడు. నిజమే, రెండో తరగతిలో వాళ్లకి చెప్పింది నేనే. ఒక అంకె తీసివేతలు చెప్పేటప్పుడు ఆ మాట వాడాను, వాడు దాన్ని పట్టుకుని రెండేళ్లు నమ్మకంగా ప్రతి తీసివేతా అలాగే చేసుకుంటూ వచ్చాడు. వాడు మనం చెప్పిన మాట వింటున్న పిల్లాడే. ఆ రెండేళ్లలో వాడికి ఎన్ని పరీక్షలు పెట్టుంటామో లెక్కేసుకుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదండి, ప్రతి పరీక్షలోనూ వాడు ఆ తప్పు నా కళ్ల ముందే రాసి పెట్టాడు, నేను ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి పక్కకి పెట్టాను.

తర్వాత చీపురు పుల్లలు తెప్పించి పదేసి పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు వేసి కట్టలు కట్టాం, ఇది ప్రతి టీచర్‌కీ తెలిసిందే, కొత్తేం కాదు. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు వాడి చేతికిచ్చి నాకు 27 పుల్లలు ఇవ్వు అన్నాను. రెండు కట్టలు ఇచ్చాడు, రెండు విడివి ఇచ్చాడు, ఆగాడు. కాసేపు కట్టల వైపు చూశాడు. తర్వాత ఒక కట్టకి రబ్బరు బ్యాండు ఊడదీసి అందులోంచి ఐదు లెక్కపెట్టి ఇచ్చాడు. పక్కింటికెళ్లి అప్పు తెచ్చుకో అని మేం బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ బ్యాండు ఊడదీసినప్పుడు ఎక్కింది. నాలుగు రోజులు పట్టింది మొత్తం, పుల్లల నుంచి పలక మీదకి, పలక మీద నుంచి పుస్తకంలోకి రావడానికి. నాలుగు రోజుల పని రెండేళ్లు ఆగిపోయింది, ఎందుకంటే 11 అనే అంకె ఆ సంగతి నాకు చెప్పలేదు.

అదే క్లాసులో ఇంకో అమ్మాయికి కూడా 11 వచ్చినయ్. ఆ అమ్మాయికి తీసివేతలు కూడికలు అన్నీ వచ్చు, అప్పు తెచ్చుకోవడం కూడా వచ్చు, వాక్యాల్లో ఇచ్చే లెక్కలు వచ్చేసరికి వాక్యం చదవడం రాక మొత్తం అన్న మాట కనపడితే కూడేసేది, మిగిలినవి అన్న మాట కనపడితే తీసేసేది, ఏ మాటా కనపడకపోతే వదిలేసేది. ఇద్దరికీ అదే మార్కు, అదే గ్రేడు. ఒకరికి కావలసింది పుల్లల కట్టలు, ఇంకొకరికి కావలసింది తెలుగు వాచకం. జ్వరం 101 ఉందని చెప్పి ఊరుకుంటే సరిపోద్దా, మలేరియానో టైఫాయిడో చూసే కదా డాక్టర్ మందు రాసేది, లెక్కల్లో మాత్రం మనం థర్మామీటర్ పెట్టి ఇంటికి పంపించేస్తున్నాం.

ఇలాంటివి ప్రైమరీ టీచర్లకి ఎన్నో తెలుసు, ఒక్కో తప్పు వెనక ఒక్కో ఆలోచన ఉంటుంది. 37, 48 కూడమంటే 715 అని రాసే పిల్లాడు ఏడు ఎనిమిది పదిహేను, మూడు నాలుగు ఏడు అని రెండు కూడికలూ కరెక్టుగానే చేశాడు, 15 లో ఒక పది దాక్కుని ఉందని వాడికి తెలియదు అంతే. నూట ఐదు రాయమంటే 1005 అని రాసేవాడు మనం పలికినట్టే రాస్తున్నాడు, వంద రాసి పక్కన ఐదు పెట్టాడు. 824 ని 8 తో భాగించి 13 అని రాసేవాడికి భాగహారం వచ్చు, మధ్యలో సున్నా ఎందుకు పెట్టాలో తెలియదు, వంద పైచిలుకు రావాల్సిన చోట 13 వస్తే ఇదేంటి ఇంత తక్కువ వచ్చింది అని అనుమానం రావాలని వాడికి ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి, 8 + 4 = □ + 5 అని గడి పెట్టి ఇవ్వండి, చాలామంది గడిలో 12 అని రాస్తారు, ఎందుకంటే సమానం గుర్తు అంటే ఇక్కడ జవాబు రాయాలి అని వాళ్లకి అర్థమైంది, రెండు పక్కలా సమానంగా ఉండాలని కాదు. ఈ తప్పు ప్రైమరీలో పట్టుకోకపోతే పైక్లాసుల్లో సమీకరణాలు వచ్చినప్పుడు పిల్లలు ఎందుకు ఇబ్బంది పడుతున్నారో హైస్కూల్ మాస్టారికి అర్థం కాదు.

అన్నిటికన్నా నాకు భయం వేసేది మాత్రం కరెక్టు జవాబుల గురించే. 29 కి 6 కలపమంటే పలక మీద 29 గీతలు గీసి, ఆ పక్కన 6 గీతలు గీసి, మొదటి నుంచి లెక్కపెట్టి 35 అని రాసే పిల్లలు నాలుగో తరగతిలో కూడా ఉంటారు. జవాబు కరెక్టు, మార్కు వస్తుంది, పేపర్లో చూస్తే వీడికి కూడికలు వచ్చు. 29 తర్వాత 30, 31 అని ముందుకి లెక్కపెట్టొచ్చని గానీ, ఆరులోంచి ఒకటి తీసి 29 కి ఇచ్చి ముప్పై చేసుకోవచ్చని గానీ వాడికి తెలియదని ఆ పేపర్ చెప్పదు. పక్కన కూర్చుని వాడి వేళ్ల వైపు పెదాల వైపు చూస్తేనే తెలుస్తుంది. ఐదో తరగతికి వచ్చేసరికి అంకెలు పెద్దవై గీతలు సరిపోవు, అప్పుడు వీడు ఒక్కసారిగా వెనకబడ్డాడు అంటాం. ఒక్కసారిగా ఏం కాలేదండి, మనం చూడలేదు.

ఇక్కడ మన తెలుగు గురించి ఒక మాట చెప్పాలనిపిస్తోంది. మన అంకెల పేర్లు పిల్లలకి ఎంత సాయం చేస్తాయో మనం గమనించం. ఇరవై మూడు అంటే ఇరవై ముందు, మూడు తర్వాత, రాసే వరుసలోనే పలుకుతాం, హిందీలో తేఈస్ అంటే మూడు ముందు వినపడుతుంది, పైగా వంద దాకా ఇంచుమించు ప్రతి పేరూ విడిగా గుర్తుపెట్టుకోవాలి. మనకి పదకొండు నుంచి పంతొమ్మిది దాకా కొంచెం తికమక, ఆ తర్వాత అంతా సాఫీ. అలాంటిది ఇప్పుడు ఒకటో తరగతిలోనే థర్టీన్, థర్టీ తేడా తెలియక పిల్లలు 13 కి బదులు 30 రాస్తున్నారు, అది లెక్క రాకా ఇంగ్లీష్ రాకా అనేది పేపర్ మీద తేలదు. ఇంగ్లీష్ మీడియం వద్దని నేను అనట్లేదు, తల్లిదండ్రులు కోరుకుంటున్నారు, రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీ తెలుగు ఒక పేజీ ఇంగ్లీష్ ఉన్న పుస్తకాలు ఇచ్చారు, మంచిదే. లెక్క వచ్చో లేదో చూసేటప్పుడు మాత్రం పిల్లాడికి ఇంట్లో వచ్చిన మాటలో అడగండి అంటున్నాను.

పల్లెటూళ్ల పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే గురించి చాలామంది టీచర్లకి కోపం ఉంది, మా మీద నింద వేస్తారని. నాకు ఆ కోపం లేదు. వాళ్లు చేసే పద్ధతి నాకు నచ్చుతుంది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005లో మొదలుపెట్టింది, వాలంటీర్లు ఊళ్లోకి వెళ్లి ఇంటి దగ్గరే ఒక్కో పిల్లాడితో విడిగా కూర్చుంటారు. లెక్కల్లో ముందు అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేతలు రెండు ఇస్తారు, రెండూ చేస్తే మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించమంటారు, తీసివేత రాకపోతే కిందకి దిగి 10 నుంచి 99 లోపు అంకెలు గుర్తుపడతాడా, అదీ రాకపోతే 1 నుంచి 9 దాకా గుర్తుపడతాడా అని చూస్తారు. అంతే, ఒక్క కాగితం. 2024 సర్వేలో దాదాపు 18 వేల ఊళ్లలో ఆరున్నర లక్షల మంది పిల్లల దగ్గరికి వెళ్లారు. దేశం మొత్తం మీద పల్లెటూళ్లలో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవాళ్లు 33.7 శాతం, ఐదో తరగతిలో భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతం. 2022లో, అంటే కరోనా తర్వాత, మూడో తరగతి తీసివేత 25.9 శాతం ఉండేది, అక్కడ నుంచి పెరిగింది, ఆ పెరుగుదల వెనక ఉన్న టీచర్ల కష్టాన్ని కూడా మీ వార్తల్లో రాయాలని నా కోరిక. పెరిగినా ఇంకా ముగ్గురిలో ఒక్కరే.

కేంద్రం వాళ్లు 2024 డిసెంబర్ 4న పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ అని 3, 6, 9 తరగతులకి పెట్టారు కదా, అందులో కూడా మూడో తరగతిలో 99 లోపు అంకెల్ని చిన్న నుంచి పెద్దకి, పెద్ద నుంచి చిన్నకి పేర్చగలిగినవాళ్లు 55 శాతమే అని తేలింది, ఆరో తరగతిలో పది దాకా ఎక్కాలు తెలిసినవాళ్లు 53 శాతం. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం నిపుణ్ భారత్ అని 2021 జులైలో పెట్టుకున్న లక్ష్యమేమో మూడో తరగతి అయ్యేసరికి 9999 దాకా అంకెలు చదవాలి రాయాలి, చిన్న గుణకారాలు చేయాలి, అది కూడా 2026-27 కల్లా ప్రతి పిల్లాడికీ. లక్ష్యానికీ ఇప్పుడున్న దానికీ మధ్య ఎంత దూరమో చూడండి.

అయితే ఈ సర్వేలన్నీ దేశం గురించి రాష్ట్రం గురించి చెప్తాయి, నా క్లాసులో మూడో బెంచీలో కూర్చున్న పిల్లాడి గురించి చెప్పవు. చెప్పడం వాటి పని కూడా కాదు. ఆ పని క్లాసులో జరగాలి. జరగాలనే 2009 విద్యాహక్కు చట్టంలో నిరంతర సమగ్ర మూల్యాంకనం అని, అంటే పిల్లాడిని ఏడాది పొడవునా అన్ని వైపుల నుంచీ గమనిస్తూ ఉండాలని పెట్టారు, పిల్లలు భయం లేకుండా నేర్చుకోవాలని కూడా అదే చట్టంలో రాశారు. చదివితే ఎంత బాగుంటుందో. బళ్లోకి వచ్చేసరికి అది ఎఫ్ఏలు అని మధ్యమధ్యలో చిన్న పరీక్షలు, ఎస్ఏలు అని టర్ము చివర పెద్ద పరీక్షలు, వాటికి మళ్లీ ప్రాజెక్టు పని ఇన్ని మార్కులు, స్లిప్ టెస్ట్ ఇన్ని మార్కులు, సమస్యా సాధనకి ఇన్ని, కారణాలు చెప్పడానికి ఇన్ని అని గడులుగడులుగా తయారైంది. ఆ గడుల వెనక ఉన్న ఐదు విద్యా ప్రమాణాలు రాసినవాళ్లు నిజంగా లెక్కల గురించి ఆలోచించినవాళ్లే, కారణం చెప్పడం అనేది ఒక ప్రమాణంగా పెట్టడం ఎంత మంచి ఆలోచనో. కానీ ఒక టీచర్ రెండు మూడు తరగతులకి, ప్రతి సబ్జెక్టుకీ, ప్రతి పిల్లాడికీ ఆ గడులన్నీ నింపాలంటే ఏం జరుగుద్ది? సాయంత్రం కూర్చుని అందాజాగా నింపేస్తారు. నేనూ నింపాను. మధ్యలో కొన్నాళ్లు చిన్నపిల్లలకి బబుల్స్ దిద్దే పరీక్షలు కూడా వచ్చినయ్, నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా దిద్దినా నాలుగింటికి ఒకటి తగులుద్ది, పెన్సిలే సరిగ్గా నిలవని పిల్లాడికి ఆ గుండ్రం లోపల నింపడమే పెద్ద పరీక్ష, వాడు ఎలా ఆలోచించాడో తెలుసుకునే దారి అక్కడ మొత్తంగా మూసుకుపోతుంది.

మంచి పరీక్ష పెట్టి, మంచి రిపోర్టు టీచర్ చేతికిస్తే చాలు కదా అంటారు కొందరు. ఇది మన దగ్గరే చేసి చూశారండి, చాలామందికి తెలియదు. 2005-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పల్లెటూళ్లలోని 100 ప్రభుత్వ ప్రైమరీ బళ్లలో ఏడాది మొదట్లో పిల్లలకి పరీక్ష పెట్టి, ఏ పిల్లాడికి ఏది వచ్చో ఏది రాదో వివరంగా టీచర్లకి రిపోర్టులిచ్చి, మధ్యమధ్యలో బళ్లకి వెళ్లి గమనించారు. చూసేవాళ్లు వచ్చినప్పుడు ఆ బళ్లలో టీచర్లు బాగానే చురుగ్గా కనపడ్డారు, ఏడాది చివర పరీక్ష పెడితే మాత్రం మిగతా బళ్ల పిల్లలకీ వీళ్లకీ తేడా లేదు. అయితే టీచర్లకి పిల్లల ప్రగతిని బట్టి బోనస్ ఇచ్చిన బళ్లలో మాత్రం ఆ రిపోర్టుని వాడుకున్న టీచర్ల దగ్గర పిల్లలు మెరుగయ్యారు. దీన్నుంచి టీచర్లకి డబ్బులిస్తేనే పని చేస్తారు అని కొందరు అర్థం తీసుకుంటారు, నాకైతే వేరే అర్థం కనపడుద్ది. రిపోర్టు పనికొచ్చేదే, దాన్ని వాడి తీరాలి అన్న పట్టుదల, వాడటానికి వీలు, ఈ రెండూ ఉన్నచోట పనికొచ్చింది. లేనిచోట అది ఇంకో కాగితం. నాకు తెలిసిన ఎంతోమంది టీచర్లకి ఆ పట్టుదల ఉంది, వీలు లేదు. నాలుగో తరగతి పిల్లాడికి స్థానవిలువ రాలేదని తెలిసినా ఈ నెల సిలబస్‌లో భిన్నాలు ఉంటే భిన్నాలే చెప్పాలి, తనిఖీకి వచ్చినవాళ్లు పాఠ్య ప్రణాళికలో ఏ పాఠం ఉందో చూస్తారు, పుల్లల కట్టలు పెట్టుకుని కూర్చుంటే ఇంకా ఒకటో తరగతి లెక్కలేనా అంటారు.

ఇంకొక భయం కూడా ఉంది, అది ఎవరూ పైకి చెప్పరు. బేస్‌లైన్ అని ఏడాది మొదట్లో పిల్లల స్థాయిలు చూసి పంపమంటారు, ఉన్నది ఉన్నట్టు పంపితే మీ బడే ఇంత తక్కువ ఎందుకుంది అని ఫోన్ వస్తుంది, చివర్లో ఎండ్‌లైన్ పెరగకపోతే సంజాయిషీ. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? ఊరికే ఒక మెట్టు పైన చూపిస్తాడు. నేను కూడా ఒక ఏడాది ఇద్దరు పిల్లల్ని వాళ్లు లేని మెట్టు మీద చూపించాను, ఇప్పటికీ ఆ ఇద్దరి మొహాలు గుర్తొస్తే తప్పు చేశాననిపిస్తుంది, ఎందుకంటే కాగితం మీద తీసివేత వచ్చేసిన పిల్లలకి మళ్లీ తీసివేత చెప్పే అవకాశం ఉండదు కదా. టీచర్‌ని తూచడానికి వాడే తూకంతోనే పిల్లాడినీ తూస్తే ఆ తూకం నిజం చెప్పదు. అసర్ లాంటి సర్వే బయటవాళ్లు చేసుకోనీండి, శాంపిల్ తీసుకుని రాష్ట్రం ఎక్కడుందో చెప్పనీండి. క్లాసులో టీచర్ చూసుకునేది మాత్రం టీచర్ దగ్గరే ఉండాలి, పైకి వెళ్లకూడదు, దాని మీద ర్యాంకులు వేయకూడదు.

ఇది ఒక్క ప్రభుత్వ బడి గొడవ అనుకోకండి. మా మనవడు ప్రైవేట్ స్కూల్లో మూడో తరగతి, లెక్కల్లో 50 కి 48 వచ్చినయ్, 20 దాకా ఎక్కాలు గుక్క తిప్పుకోకుండా చెప్తాడు. వినాయక చవితికి ఇంటికొస్తే, ఒరే మనం 7 మందికి తలా 4 ఉండ్రాళ్లు పెట్టాలి ఎన్ని చేయాలి అన్నాను. ప్లస్సా ఇంటూనా అమ్మమ్మా అని అడిగాడు. ఏడో ఎక్కం వాడి నోట్లో ఉంది, అది ఎందుకు పనికొస్తుందో మాత్రం తెలియదు. గిన్నెలు ఏడు పెట్టి ఒక్కోదాంట్లో నాలుగు చింతపిక్కలు వేయించాను, మూడో గిన్నెకే వాడు ఓ ఇది సెవెన్ ఫోర్స్ అని అరిచాడు. ఆ 48 మార్కులు చూసి మా అమ్మాయి ఎంత సంతోషపడిందో, వాళ్లకి ఫీజు కట్టేదీ ఆ కాగితం చూసే కదా.

దీనికి పూర్తిగా తిరగేసిన సంగతి ఇంకొకటి. నా బళ్లో ఒక పాప, వాళ్లమ్మ సెంటర్లో కూరగాయల బండి పెట్టుకునేది, సాయంత్రాలు ఈ పాపే చిల్లర ఇచ్చేది. 64 రూపాయలు అయితే వంద నోటు తీసుకుని, 65, 70, 100 అనుకుంటూ ఒక రూపాయి, ఐదు, ముప్పై చేతిలో పెట్టేది, ఒక్కసారి తప్పు పోయేది కాదు. అదే పాపకి పుస్తకంలో 100 లోంచి 64 తీసేయమంటే 164 అని రాసింది. కూడికా తీసివేతా చూడను కూడా చూడలేదు, భయంతో ఏదో ఒకటి రాసేసింది. నిన్న ఒక పెద్దాయన వంద నోటు ఇచ్చి 64 రూపాయల కూరలు తీసుకున్నాడు అనగానే 36 అంది, తల కూడా ఎత్తకుండా. ఆ తర్వాత చాలా ఏళ్లకి, 2025 ఫిబ్రవరిలో, ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో వాళ్ల బృందం నేచర్ పత్రికలో ఒక పరిశోధన వేశారు, కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే వెయ్యి మందికి పైగా పిల్లల్ని చూస్తే నోటి లెక్కలు చకచకా చేసేస్తున్నారు, అవే లెక్కలు బడి పుస్తకంలో ఉన్నట్టు కాగితం మీద ఇస్తే చేయలేకపోతున్నారు, బడికి మాత్రమే వెళ్లే పిల్లలు కాగితం మీద చేస్తున్నారు గానీ మార్కెట్ లెక్క ఇస్తే తడబడుతున్నారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఆ పాపే కళ్ల ముందు కనపడింది. ఆ పాప రికార్డులో లెక్కల్లో వెనకబడిన విద్యార్థిని. పేపర్ పరీక్ష ఒక్కటే పెట్టి మేం ఆ ముద్ర వేశాం, వాళ్లమ్మ కూడా మా పిల్లకి లెక్కలు రావండీ అని నాతో అనేది, రోజూ సాయంత్రం ఆ పిల్ల లెక్కల మీదే బండి నడుపుతూ.

అందుకని పరీక్ష అంటే కాగితం మీదే ఉండాలని పట్టుబట్టొద్దు అంటాను. ఒకటి రెండు తరగతుల్లో అసలు రాత పరీక్ష ఎందుకండి, నోటితో, వస్తువులతో, డబ్బులతో, ఆడుకుంటూ చూడొచ్చు. మూడు నాలుగు ఐదులో కాగితం కావాలి, దాంతోపాటు మాట కూడా కావాలి.

ఇదంతా అయ్యే పనేనా అంటారు. లెక్క వేసి చెప్తాను. 24 మంది పిల్లలున్న బడి అనుకోండి, ఒక్కొక్కరితో 10 నిమిషాలు కూర్చుంటే 240 నిమిషాలు, అంటే 4 గంటలు. రోజుకి ఇద్దరు చొప్పున 12 రోజులు, మధ్యాహ్న భోజనం అయ్యాక మిగతావాళ్లు చదువుకుంటుంటే 20 నిమిషాలు. ఏడాదికి మూడుసార్లు చేస్తే 12 గంటలు. ఎఫ్ఏ, ఎస్ఏ పేపర్లు దిద్ది, మార్కులు రిజిస్టర్‌లో ఎక్కించి, మళ్లీ యాప్‌లో ఎక్కించి, సిగ్నల్ రాక మేడ మీదకెక్కి ఫోన్ పట్టుకుని నిలబడే టైమ్‌తో పోలిస్తే ఇది ఏపాటి? ఆ పది నిమిషాల్లో ఒక కూడిక, ఒక తీసివేత, పెద్దపిల్లలైతే ఒక గుణకారం, ఒక భాగహారం, ఒక నోటి లెక్క, ప్రతిదానికీ ఎలా చేశావు అని ఒక ప్రశ్న. టీచర్ నోట్‌బుక్‌లో పిల్లాడి పేరు కింద రెండు మూడు వాక్యాలు. మార్కు వద్దు. చిన్నదాంట్లోంచి పెద్దది తీసేటప్పుడు తిరగేస్తున్నాడు, కట్టలతో చెప్పాలి అని రాసుకుంటే చాలు, ఆ వాక్యం వచ్చే ఏడాది టీచర్‌కి కూడా పనికొస్తుంది, బి ప్లస్ అనేది ఎవరికీ పనికిరాదు. 60 మంది ఉండే చోట కష్టమే, ఒప్పుకుంటాను, అక్కడ రాత పేపర్ చూసి అనుమానం వచ్చినవాళ్లని ముందు పిలుచుకోవచ్చు, గీతలు గీసేవాళ్లని క్లాసులో తిరుగుతూ గుర్తుపట్టొచ్చు.

ఆ తర్వాత రోజుకి ఒక గంట, తరగతి చూడకుండా స్థాయిని బట్టి పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పే వీలు ఇవ్వాలి. ప్రథమ్ వాళ్లు ఎన్నో రాష్ట్రాల్లో చేసింది ఇదే, తెలంగాణలో 2022 ఆగస్టు 15న తొలిమెట్టు అనే కార్యక్రమం మొదలుపెట్టింది కూడా ఇలాంటి ఉద్దేశంతోనే. ఇద్దరు టీచర్ల బళ్లలో అయితే ఇది ఇంకా తేలిక, ఎలాగూ మూడు తరగతులు ఒకే గదిలో ఉంటాయి, ఐదో తరగతి పిల్లాడు మూడో తరగతి పిల్లాడి పక్కన కూర్చుని కట్టలు విప్పితే నామోషీ పడకుండా చూసుకోవడం ఒక్కటే మన నేర్పు. ఆ గంటలో సిలబస్ ఎక్కడుంది అని ఎవరూ అడగకూడదు. ఏ అధికారి అయినా బడికి వస్తే రిజిస్టర్ బదులు ఇద్దరు పిల్లల్ని పిలిచి వాళ్లతో కూర్చోవాలి, పది నిమిషాలు, టీచర్ చేసినట్టే. అప్పుడు వాళ్లకీ అర్థమవుద్ది.

తల్లిదండ్రులకి కూడా ఒకటి చెప్పాలి. వీడికి లెక్కలు రావండీ, వాళ్ల నాన్నకీ రావు అని పిల్లాడి ముందే అనే అలవాటు మన ఇళ్లలో ఉంది. దయచేసి అనకండి. ప్రోగ్రెస్ కార్డ్ తీసుకున్నప్పుడు ఎన్ని మార్కులు అని కాకుండా మావాడు దేని దగ్గర ఆగాడు టీచర్ గారూ అని అడగండి. టీచర్ దగ్గర జవాబు లేకపోతే మళ్లీసారికి ఉంటుంది, ఎవరో ఒకరు అడుగుతారని తెలిస్తే చూసి పెట్టుకుంటారు.

మీకు నా విన్నపం ఒకటి ఎడిటర్ గారూ. ఈసారి సర్వే వచ్చినప్పుడు 33 శాతం, 30 శాతం అని బాక్స్ కట్టి వేస్తారు కదా, ఆ శాతం పక్కన అలాంటి లెక్క కూడా ఒకటి వేయండి. 46 లోంచి 29, నిలువుగా, కింద గీత గీసి, జవాబు చోటు ఖాళీగా. పక్కన 7 తో 869 భాగహారం ఒకటి. పొద్దున్నే టీ తాగుతూ పేపర్ చూసే నాన్న పిల్లాడిని పిలిచి పెన్సిల్ చేతికిస్తాడు, వాడు ఏదో ఒకటి రాస్తాడు. ఆ రెండు లెక్కల కింద చిన్న అక్షరాలతో ఈ ఒక్క లైను కలపండి: తప్పు రాసినా ఒప్పు రాసినా, ఎలా చేశావు నాన్నా అని అడగండి, వాడు చెప్పేదాకా ఆగండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఎస్జీటీ,
బాపట్ల జిల్లా